మా అక్క కొంగు ముడి

మా అక్క కరియమ్మ నడుము ముప్పై ఏళ్లకే వంగిపోయింది. ముసలితనంలో వంగినట్టు కాదు. ముసలివాళ్లు గోడ పట్టుకుని కాసేపైనా నిటారుగా నిలబడతారు. ఆమెకు మెడ నుంచి తుంటి దాకా వెన్నంతా ఒకే కర్రలా బిగుసుకుపోయింది. మెడ పక్కకు తిరగదు, పైకి లేవదు. ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరగాలి. ఎదురుగా వచ్చినవాళ్ల ముఖాలు కనబడవు కాబట్టి కాళ్లను బట్టి ఫలానావాళ్లని గుర్తుపట్టి పలకరించేది.

మా పావగడ తాలూకాలో ఇది అరుదైన జబ్బేమీ కాదు. ఊరికి ఇద్దరు ముగ్గురు ఇలాంటివాళ్లు ఉండేవాళ్లు. ఇక పళ్లు గోధుమరంగు గార పట్టనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నా పళ్లూ అంతే. నవ్వేటప్పుడు నేను నోటికి చేయి అడ్డం పెట్టుకుంటే చూసినవాళ్లు వినయమనుకునేవాళ్లు. వినయం కాదు, సిగ్గు. అక్క నడుము చూసి మొదట్లో వాతమన్నారు. నిడుగల్లులో ఒకాయన ఇనుప కడ్డీ కాల్చి వీపు మీద మూడు వాతలు పెట్టాడు. జబ్బు తగ్గలేదు, మచ్చలు మాత్రం మిగిలాయి. ఇదంతా మేం తాగే బావి, బోరు నీళ్లలోని ఫ్లోరైడు వల్లనేనని తొంభైల్లో పరీక్షలు చేసేవాళ్లు వచ్చి చెప్పారు. చెప్పి వెళ్లిపోయారు. మేం మళ్లీ ఆ బిందెలే ముంచుకున్నాం, వేరే నీళ్లు ఎక్కడివి?

కింద కూర్చుని కలుపు తీయలేని ఆడమనిషి తనకెందుకని ఆమె మొగుడు ఒకరోజు మా ఇంటి ముందు దింపిపోయాడు. నేనప్పటికి మంగళవాడ బళ్లో మేష్ట్రు. ఆ ఉద్యోగం నాకు ఊరికే రాలేదు. నేను చదువుకునే రోజుల్లో అక్క రైతుల ఇళ్లకు పోయి విత్తనానికి వేరుశనగ కాయలు ఒలిచేది. ఒలిచి ఒలిచి గోళ్లు అరిగి వేలికొసలు చిట్లితే చింతపండు పులుసు కలపడానికి కూడా భయపడేది. ఆ కూలితోనే నాకు పుస్తకాలు వచ్చాయి. ఇది ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి కూడా ఒకసారి హెడ్మాస్టరు మా ఇంటికి వచ్చినప్పుడు, కాఫీ గ్లాసు పట్టుకుని వంగి నడిచివచ్చిన ఆమెను చూపించి దూరపు బంధువని చెప్పాను. ఆమె నేల చూస్తోంది కదా, పట్టించుకోదులే అనుకున్నాను. కళ్లు నేలవైపు ఉంటే చెవులు కూడా నేలవైపే ఉంటాయనుకునే తెలివి నాది.

పొద్దున లేచేసరికి ఆమె కీళ్లన్నీ పట్టేసి ఉండేవి. గంటసేపు నడిస్తే గానీ చేయి నోటిదాకా వచ్చేది కాదు. అందుకని తెల్లవారీవారకముందే, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ, ఊరి బయట చేలల్లోకి వెళ్లేది. అంగళ్లో అమ్మే నొప్పి బిళ్లలకంటే ఆమెకు ఆ నడకే మందు. ఎండ ఎక్కేసరికి తిరిగి వచ్చేది. వచ్చేటప్పుడు కొంగు కొసన చిన్న ముడి ఉండేది.

ఆ ముడిలో ఉన్నవన్నీ తెచ్చి వంటింటి గోడలో ఉన్న గూట్లో పెట్టుకునేది. పిట్ట ఈక, గోరంత నత్తగుల్ల, పచ్చగా మెరిసే జీరంగి రెక్క, ఎండిపోయినా రంగు పోని ఏదో గడ్డిపువ్వు. మా ఆవిడ కదిరమ్మ పండక్కి ఇల్లు అలికినప్పుడల్లా ఆ గూడు ఊడ్చి పారేసేది. నెల తిరిగేసరికి గూడు మళ్లీ నిండేది. ముద్ద తినేటప్పుడు కదిరమ్మతో అవీ ఇవీ చెప్పేది. వేరుశనగ పువ్వు పొద్దున్నే చూడాలట, పసుపు రేకు మీద వెంట్రుకంత ఎర్రగీతలు ఉంటాయట, మధ్యాహ్నానికి అది వాడిపోతుందట. నేను పుట్టింది వేరుశనగ చేల మధ్య. నలభై ఏళ్లలో ఆ పువ్వు మీద గీతలు ఉన్నాయని నాకు తెలియదు. తెలియకపోయినా, ఈమెకు పనీ పాటా లేదు కాబట్టి గీతలు లెక్కపెడుతోందని విసుక్కునేవాణ్ణి.

ఒకసారి మాత్రం నన్ను పిలిచింది. వాన పడిన మర్నాడు నేను సైకిల్ మీద బడికి పోతుంటే బండిదారి మధ్య నిలబడి ఉంది. నా సైకిల్ చప్పుడు ఆమెకు తెలుసు.

“గోపాలా, ఒగ నిమిషం దిగు. ఈడ చూడు, పువ్వే నడ్సుకుంటా పోతాండాది.”

నేను ఒక కాలు ఆనించి వంగి చూశాను. ఒక చీమ పసుపు రేకును నిలువుగా ఎత్తుకుని పోతోంది. చీమ కనబడటం లేదు, రేకు మాత్రం ఊగుతూ నడుస్తోంది. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. కానీ వెనక నుంచి నాతో పనిచేసే ఇంకో మేష్ట్రు వస్తున్నాడు. దారి మధ్యలో వంగి నిలబడ్డ మనిషి పక్కన నేనూ వంగి చీమను చూస్తూ కనబడితే వాడు బళ్లో ఏమని చెప్పుకుంటాడో! టైమైపోయిందక్కా అని తొక్కుకుంటూ పోయాను. ఆమె మళ్లీ ఎప్పుడూ నన్ను పిలవలేదు.

ఆ తర్వాత ఎనభై ఏడు వచ్చింది. ఆ ఏడు కరువు సంగతి మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. విత్తనం పడే దాకా వాన ఊరించింది, మొలిచాక మొహం చాటేసింది. పూల ఊడలు మట్టిలోకి దిగి కాయ గట్టిపడే రోజుల్లో నేల కాలిన పెంకులా అయింది. అలాంటి నేలలో వేరుశనగ పీకితే పైన చెట్టు మాత్రం చేతికి వస్తుంది, కాయలు తెగి లోపలే ఉండిపోతాయి. తవ్వుదామంటే పార దిగదు. ఒక్క జల్లు పడితే నేల మెత్తబడుతుంది, అప్పుడు గుంటక తోలి ఏరుకోవచ్చని అందరూ మబ్బుల కోసం చూస్తూ కూర్చున్నారు.

మా పెదనాన్న కొడుకు ఈరప్పకు ఊరి పక్కనే నాలుగెకరాల చేను. ఏడాది తిండి, వచ్చే ఏటి విత్తనం, ఆడపిల్ల పురుడు, అన్నీ ఆ నేలలో చిక్కుకున్న కాయల మీదే ఆధారం. మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. పంట తీశాక చేలో మిగిలిన కాయలు పరిగె ఏరుకునే హక్కు బీదాబిక్కీకి ఉంటుంది. కానీ చేను గలవాడు తన ఏరుడు పూర్తయ్యేదాకా చేని దారికి తుమ్మకంప అడ్డం వేసి ఉంచుతాడు. కంప ఉన్నంతవరకు లోపల ఒక్క కాయ ముట్టుకున్నా అది దొంగతనమే. కంప తీసిన రోజు ఎవరైనా రావచ్చు. ఈరప్ప ఆ ఏడు కంప మీద కంప వేశాడు.

కార్తీకం వెళ్లేరోజుల్లో ఆ చేలో గుంతలు కనబడటం మొదలైంది. పొద్దున చూస్తే ఇక్కడ పిడికెడు, అక్కడ పిడికెడు మట్టి తోడి ఉంటుంది. కాయలు ఉండవు, ఒలిచిన తొక్కలు ఉంటాయి. ఎవరో తెల్లవారుజామున వచ్చి తవ్వుకుపోతున్నారని ఊళ్లో గుసగుసలు పుట్టాయి. తెల్లవారుజామున చేలల్లో తిరిగే మనిషి ఊరి మొత్తానికి ఒక్కతే. ఎప్పుడూ నేల చూస్తూ, ఎప్పుడూ కొంగున ముడితో. కింద కూర్చోవడమే చేతకాని మనిషి పార దిగని నేలను ఎలా తవ్వుతుందని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

ఒకరోజు నేను చొక్కా వేసుకుంటుండగా ఈరప్ప కబురు పంపాడు. వెళ్లేసరికి చేని గట్టు మీద పదిమంది ఉన్నారు. అక్క చేను మధ్యలో నిలబడి ఉంది. ఆమె ఆ చేను మీదుగా నడవడం పదేళ్ల నుంచీ ఉన్నదే. కంప ఏరుకునేవాళ్లకు గానీ నడిచేవాళ్లకు కాదు కదా అని ఆమె అనుకుని ఉంటుంది. ఈరప్ప మంచివాడే, గట్టిగా కూడా మాట్లాడలేదు. అదే నన్ను ఇంకా కుంగదీసింది.

“మేష్ట్రూ, నా నోటితో నేను ఏమీ అననప్పా. నీ యక్క, నువ్వే అడుగు. ఆ ముడిలో ఏముండాదో చూపించమను.”

అడగమన్నాడు. నేను అడగలేదు. నాకు అప్పుడు అక్క కనబడలేదు, గట్టు మీద పదిమంది కనబడ్డారు. వాళ్ల పిల్లలంతా నా దగ్గర చదివేవాళ్లు. ముడి ఇప్పు అక్కా అన్నాను.

“ఇంట్లో ఇప్పుతాలే గోపాలా,” అంది.

ఇంట్లో అనే మాట వినగానే నా అనుమానం గట్టిపడింది. దాచుకునేది లేకపోతే ఇల్లెందుకు? బళ్లో బలపం పోయిందంటే క్షణంలో దొంగను తేల్చేసేవాణ్ణి, ఇక్కడా అంతే తొందరగా తేల్చాను. ముందుకు వెళ్లి నా చేత్తోనే ఆమె కొంగు పట్టుకుని ముడి లాగాను. అది గట్టిగా వేసిన ముడి. నేను గుంజుతుంటే ఆమె తూలింది. బిగుసుకుపోయిన మనిషి కాబట్టి ఎటు తూలినా మొత్తంగా తూలుతుంది. ఎవరో ఒకావిడ భుజం పట్టుకుని ఆపింది.

రాలినవి ఇవి: తెల్లచుక్కలున్న కౌజు ఈక. జీరంగి రెక్కలు రెండు. వేలెడంత పాము కుబుసం. ఒక రకం కందిరీగ పుల్లకు అతికించి మట్టితో కట్టే బుల్లి కుండ, దానికి అంచు తిప్పిన మూతి కూడా ఉంది. కింద పడగానే అది చితికిపోయింది. వీటితోపాటు ఒకే ఒక్క వేరుశనగ కాయ.

గట్టు మీద ఎవరో నవ్వారు. ఈరప్ప వంగి ఆ కాయ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇది తన చేనిదేనా అని అడిగాడు.

“నీదేనప్పా,” అంది అక్క. “మూడు గింజలది. ఎట్ల వంగుకోనుండాదో చూడు. నా మాదిరే ఉండాదే అని తీసుకున్నా.”

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాడట అని వెనక నుంచి ఒక గొంతు. మళ్లీ నవ్వులు. ఒక కాయైనా మూటైనా కట్టుబాటు కట్టుబాటే అని ఇంకొకరు. నేనప్పుడు ఏం చేసి ఉండవచ్చో ఆ తర్వాత వెయ్యిసార్లు ఆలోచించాను. ఆ కాయ ఈరప్ప చేతిలోంచి తీసుకుని నేనూ చూసి ఉండవచ్చు. నవ్వినవాడి మీద కోప్పడి ఉండవచ్చు. కోపం నాకు తక్కువేమీ కాదు, చీటికీమాటికీ బెత్తం ఎత్తేవాణ్ణి. ఆ కోపమంతా ఆ వేళ ఆమె వైపే తిరిగింది. ఇంత చెత్త కోసం నా పరువు తీస్తుందా అనిపించింది.

“తప్పైనాదని చెప్పక్కా,” అన్నాను.

మళ్లీ అన్నాను.

“తప్పైనాదప్పా ఈరప్పా,” అంది, అతని చెప్పుల వైపు చూస్తూ.

ఆమె వేరే ఎటు చూడగలదు? కానీ గట్టు మీదున్నవాళ్లకు తల దించుకుని ఒప్పుకున్నట్టే కనబడింది. ఎవరికి వాళ్లు న్యాయం జరిగిందనుకుని కదిలారు. కింద పడ్డవి ఆమె కళ్లెదుటే పడి ఉన్నాయి. చూడగలదు గానీ, కింద కూర్చోవడం చేతకాదు కాబట్టి తీసుకోలేకపోయింది. ఇంట్లోనైనా చేలోనైనా ఏదైనా తీయాలంటే పుల్లతో దగ్గరకు లాక్కుని కాలివేళ్లతో ఎత్తేది. తూలినప్పుడు చేతిలోని పుల్ల ఎక్కడో పడిపోయింది. ఆమె కాలితో ఆ ఈకను ఒక్కసారి తాకి వదిలేసింది. నేను ఒంగి తీసి ఇవ్వలేదు. బడికి గంట కొట్టే వేళయిందని ఇంటికొచ్చి సైకిల్ తీశాను.

సాయంత్రం తిరిగి వచ్చేసరికి వసారాలో స్తంభానికి ఆనుకుని ఉంది. నేను సైకిల్ నిలబెడుతుంటే నా కాళ్ల వైపు చూసి నెమ్మదిగా అంది.

“ముడి ఇప్పకముందర ఏముండాదని అడిగింటే చూపిస్తా ఉంటినే నాయనా.”

ఊళ్లో మేష్ట్రుగా ఉన్నవాడి పరిస్థితి నీకు తెలియదక్కా, నలుగురూ వేలెత్తి చూపిస్తే రేపు పిల్లలకు ఏమని చెప్పాలి అని ఏదేదో వాగాను. ఆమె అంతా విని అదీ నిజమేలే అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇరవై రోజులకు ఒక జల్లు పడింది. ఈరప్ప గుంటక తోలాడు. చేను మధ్యలో నేల కుంగి కింద పందికొక్కుల బొరియ బయటపడింది. తవ్విన కొద్దీ లోపల కాయలే, ఒక తట్టకు పైగా ఉన్నాయట. ఈ మాట అతనే దారిలో నాకు చెప్పి, కొక్కులప్పా మేష్ట్రూ అని తల గోక్కున్నాడు. నువ్వే వచ్చి అక్కకు చెప్పు అన్నాను. నేనెట్ల చెప్పేది, నువ్వే చెప్పు అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి ఇద్దరం వంతులు వేసుకున్నాం. నేను చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. విని ఆమె ఒక్క మాటే అంది.

“పాపం, చలికాలానికి దాచుకోనుంటాయి.”

అసలు చెప్పవలసింది ఇంకా చెప్పలేదు. ఆ గొడవ జరిగిన మర్నాటి నుంచి అక్క చేలల్లో కాలు పెట్టలేదు. నడవకపోతే కీళ్లు పట్టేస్తాయి కాబట్టి బండిదారి మీద మాత్రం పోయివచ్చేది. ఆ దారిలో దుమ్ము, గొర్రెల పెంట తప్ప ఏమీ ఉండదు. గూట్లో ఉన్నవన్నీ ఆమే ఒక చేటలోకి తోసి పెంటదిబ్బ మీద పోసి వచ్చింది. కదిరమ్మ ఉండనీ వదినా అంటే, ఎందుకమ్మా, పిల్లోళ్లుండే ఇల్లు అందట. నడక తగ్గిన కొద్దీ ఆమె ఒళ్లు ఇంకా బిగిసింది. రెండేళ్లకు చేయి జుట్టుదాకా పోవడం ఆగిపోయి కదిరమ్మే తల దువ్వేది.

తర్వాతి ఏడు వాన బాగా పడింది. చేలన్నీ పచ్చగా ఉన్న ఒక పొద్దున బండిదారిలో ఆమె కనబడితే నేను సైకిల్ దిగాను. చుట్టూ ఎవరూ లేరు. నా ధైర్యం అంతమాత్రమే. ఆమె పక్కన నిలబడి, ఏం చూస్తాండావక్కా అని అడిగాను. ఆ మాట అడిగేసరికి నాకు నలభై రెండేళ్లు నిండాయి.

“ఏం లేదు నాయనా. దోవ,” అంది.

దారి పక్కన గడ్డి మీద మంచు ఉంది. వేరుశనగ పూసి ఉంది. ఆమె పసుపురంగు వైపు తిరగను కూడా తిరగలేదు. నేల చూడటం ఆమెకు జబ్బు వల్ల వచ్చింది, ఆ నేలలో చూడదగ్గవి వెతుక్కోవడం ఆమె సొంతం. ఆ సొంతాన్ని సిగ్గుపడవలసిన పనిగా మార్చింది నేను.

ఆ గొడవ మర్నాటి నుంచే, బయటికి పోయివచ్చిన ప్రతిసారీ ఆమె ఇంకొకటి చేసేది. గడప ముందు ఆగి, కొంగు బొడ్లోంచి లాగి, కొస రెండు చేతులా పట్టుకుని రెండుసార్లు దులిపి, అప్పుడు లోపలికి వచ్చేది. కదిరమ్మ దుమ్ము దులుపుతోందనుకుంది. నాకు అర్థమైంది. అర్థమై కూడా రెండు నెలలు నోరు మెదపలేదు. ఒకరోజు ఎందుకక్కా ఇట్ల చేస్తావు, మానుకో అన్నాను. నీకు మాట రాకూడదులే అని లోపలికి పోయింది. చేతులు సరిగా లేవని రోజుల్లో కూడా, గోడకు ఆనుకుని అయినా, దులపడం మానలేదు. తొంభై అయిదులో మంచం పట్టేదాకా ఎనిమిదేళ్లు అలాగే చేసింది.

ఈ ఒక్కటి నేను ఎవరికీ చెప్పలేదు, కదిరమ్మకు కూడా. మొదటి వారం ఆమె కొంగు దులిపినప్పుడల్లా నేను వసారాలో ఏదో ఒక పుస్తకం పట్టుకుని కూర్చుని చూసేవాణ్ణి. జాలితో కాదు. ఇంకో కాయ రాలుతుందేమోనని చూశాను. పందికొక్కుల సంగతి తెలిశాక కూడా రెండు మూడుసార్లు అలాగే చూశాను. ఆ తర్వాత ఏళ్లలో ఒక ఈకైనా, ఒక పురుగు రెక్కైనా రాలితే బాగుండునని చూశాను. ఏమీ రాలలేదు.